సొంత ఖర్చుతో టైప్ రేటింగ్: కొత్త విమాన సంస్థలకు మన పిల్లలు పెట్టుబడిదారులా?

పైలట్ లైసెన్సు చేతికి వచ్చిన తరువాత మొదలయ్యే కష్టం గురించి బయటివారికి అంతగా తెలియదు. బంధువులు మిఠాయిలు పంచుతారు, వీధిలోని పిల్లలు ‘కెప్టెన్ సాబ్’ అని పిలవడం మొదలుపెడతారు. ఇంట్లో తల్లిదండ్రులు మాత్రం మరో లెక్క వేసుకుంటూ ఉంటారు. ఇంటర్మీడియట్‌లో గణితం, భౌతికశాస్త్రం చదివి, వైద్య పరీక్షలు దాటి, డీజీసీఏ పేపర్లు ఒక్కొక్కటిగా గట్టెక్కి, 200 గంటలు చిన్న విమానం నడిపి కమర్షియల్ పైలట్ లైసెన్సు సంపాదించేసరికి నలభై యాభై లక్షల రూపాయలు ఖర్చయిపోతాయి. ఇంత చేసిన తరువాత విమాన సంస్థ గుమ్మం దగ్గర వినిపించే మొదటి ప్రశ్న ఇది: ‘టైప్ రేటింగ్ ఉందా?’

లేదంటే రెండు దారులు. పెద్ద సంస్థల ఎంపిక పరీక్షల కోసం నెలలు, ఒక్కొక్కప్పుడు ఏళ్లు ఎదురుచూడాలి. లేదా ఎవరో కొత్త సంస్థవారు ‘రేటింగ్ ఖర్చు మీరు భరించండి, ఉద్యోగం మేమిస్తాం’ అంటే మరో పదిహేను, ఇరవై లక్షలు సమకూర్చుకోవాలి. ఈ రెండో దారిలో నడవవచ్చునా అన్నదే ఈ వ్యాసంలో ప్రశ్న. నా అభిప్రాయం ముందే చెబుతాను. కొత్త విమాన సంస్థకు రేటింగ్ రుసుము పేరుతో డబ్బు చెల్లించడం చాలా సందర్భాలలో తప్పుడు బేరం. అది సరైన బేరమయ్యే సందర్భాలు కొన్ని ఉన్నాయి గాని, అవి విమానం రకం మీద, డబ్బు ఎవరి ఖాతాలోకి వెళ్తుందన్న దాని మీద, ఒప్పందంలోని రెండు మూడు వాక్యాల మీద ఆధారపడి ఉంటాయి. సంస్థ పేరు మీద గాని, రంగుల ప్రకటనల మీద గాని ఆధారపడవు.

ముందుగా ఈ టైప్ రేటింగ్ అంటే ఏమిటో చూద్దాం. లైసెన్సు అన్నది విమానం నడిపే సాధారణ అర్హత. ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737, ఏటీఆర్ 72 వంటి పెద్ద విమానాలలో ప్రతి రకానికీ వేరే అర్హత కావాలి. ఆ అర్హతను లైసెన్సుపై నమోదు చేస్తారు. ఇందుకు కొన్ని వారాల తరగతి గది బోధన, ఆ తరువాత సిమ్యులేటర్‌లో అభ్యాసం, చివరకు నైపుణ్య పరీక్ష ఉంటాయి. సిమ్యులేటర్ అంటే కాక్‌పిట్‌ను అచ్చంగా దించి, హైడ్రాలిక్ కాళ్లపై నిలబెట్టిన యంత్రం. దాని ధర కోట్లలో ఉంటుంది గనుక గంటకు అద్దె కూడా భారీగానే ఉంటుంది. ఏ320 రేటింగ్‌కు మన దేశంలో సుమారు పదిహేను నుంచి పాతిక లక్షల దాకా పలకడానికి కారణం ఇదే. గ్రేటర్ నోయిడా, బెంగళూరు, గురుగ్రామ్, హైదరాబాద్ వంటి చోట్ల ఈ శిక్షణ దొరుకుతున్నది. గల్ఫ్‌కో యూరప్‌కో వెళ్లి చేసేవారూ ఉన్నారు.

ఇక్కడ చాలా కుటుంబాలు గమనించని విషయం ఒకటుంది. రేటింగ్ చేతికి వచ్చినంత మాత్రాన పైలట్ ప్రయాణికులున్న విమానంలో కో-పైలట్‌గా కూర్చోలేడు. ఆ తరువాత విమాన సంస్థలో శిక్షకుడైన కమాండర్ పక్కన కూర్చుని నిజమైన సర్వీసులు నడపాలి. దీనినే లైన్ ట్రైనింగ్ అంటారు. అది ముగిసి, పరీక్ష నెగ్గి, ‘రిలీజ్’ అయిన తరువాతే అతడు పూర్తి ఫస్ట్ ఆఫీసర్. ఈ లైన్ ట్రైనింగ్ ఇవ్వగలిగింది విమానాలు నడుపుతున్న సంస్థ ఒక్కటే. శిక్షణ కేంద్రాలు ఇవ్వలేవు, డబ్బుతో బయట కొనుక్కునేదీ కాదు. గల్ఫ్ సంస్థలు గాని, ఇక్కడి పెద్ద సంస్థలు గాని అనుభవజ్ఞుని కోసం వెతికేటప్పుడు అడిగేది ఆ రకం విమానంపై ఎగిరిన గంటలనే. గంటలు లేని రేటింగ్, పెళ్లి కాని పెళ్లిపత్రిక వంటిది. పైగా అది నిలువ ఉండే సరుకు కాదు. నిర్ణీత కాలానికి మళ్లీ సిమ్యులేటర్ పరీక్ష నెగ్గితేనే చెల్లుబాటులో ఉంటుంది. ఉద్యోగం లేని అభ్యర్థి ఆ పరీక్షల ఖర్చు కూడా తన జేబులో నుంచే పెట్టుకోవాలి.

కాబట్టి కొత్త సంస్థ ‘రేటింగ్ మీరు చేసుకోండి’ అన్నప్పుడు మనం కొంటున్నది నిజానికి లైన్ ట్రైనింగ్ అనే వాగ్దానాన్ని. ఆ వాగ్దానం నెరవేరాలంటే సంస్థకు విమానాలుండాలి, వాటిని నడిపే అనుమతి ఉండాలి, శిక్షణ ఇచ్చే కమాండర్లు ఉండాలి, ఇవన్నీ కనీసం రెండు మూడేళ్లు నిలవాలి. మొదలుకాని సంస్థకు, నిన్న మొదలైన సంస్థకు ఈ నాలుగింటిలో ఏదో ఒకటి తక్కువగానే ఉంటుంది.

మన రెండు రాష్ట్రాల అనుభవమే తీసుకుందాం. విజయవాడ కేంద్రంగా ఎయిర్ కోస్టా 2013 అక్టోబరులో ఎగిరింది. కోస్తా జిల్లాలకు అదొక గర్వకారణంగా తోచింది. ఆ సంస్థ ఎంచుకున్నవి బ్రెజిల్‌లో తయారయ్యే ఎంబ్రాయర్ ఇ-170, ఇ-190 జెట్‌లు. అంతకుముందు ఆ కుటుంబానికి చెందిన విమానాలు నడిపిన చెన్నై సంస్థ పారమౌంట్ ఎయిర్‌వేస్ 2010 నాటికే మూతపడింది. 2017 ఫిబ్రవరి చివర ఎయిర్ కోస్టా సర్వీసులు ఆగిపోయాయి. ఆ రోజు ఆ విమానంపై రేటింగ్ ఉన్న యువ పైలట్‌కు దేశంలోని ఏ షెడ్యూల్డ్ సంస్థలోనూ ఆ రకం విమానం లేదు. ఇ-175 జెట్‌లతో స్టార్ ఎయిర్ ఆ తరగతిని మళ్లీ ఇక్కడికి తెచ్చేసరికి 2023 వచ్చింది. ఇక్కడ నేనెత్తుతున్నది ఆ సంస్థ రుసుముల విధానం గురించి కాదు. రేటింగ్‌కు ఎవరు చెల్లించినా, అరుదైన విమానంపై చేసిన రేటింగ్ ఆ సంస్థ ప్రాణంతోనే ముడిపడి ఉంటుందని ఈ ఉదాహరణ తేటతెల్లం చేస్తున్నది. ఎవరైనా అటువంటి రేటింగ్‌కు పొలం అమ్మి చెల్లించి ఉంటే, ఆ పొలం ఆరేళ్ల పాటు హాంగర్‌లో పడి ఉన్నట్టే లెక్క.

దీనికి ఎదురుగా హైదరాబాద్ సంస్థ ట్రూజెట్‌ను నిలబెట్టి చూడండి. 2015 జూలైలో మొదలై, ఏటీఆర్ 72 విమానాలతో చిన్న పట్టణాలను కలుపుతూ, 2022 ఫిబ్రవరిలో అదీ ఆగిపోయింది. ఉద్యోగుల కష్టం అక్కడా తక్కువేమీ కాదు. కానీ ఏటీఆర్ రేటింగ్, దానిపై గంటలు ఉన్న పైలట్‌కు దేశంలో మరికొన్ని తలుపులున్నాయి: ఇండిగో 2017 చివరి నుంచి ఏటీఆర్‌లు నడుపుతున్నది, అలయన్స్ ఎయిర్ నడుపుతున్నది, 2024లో ఫ్లై91 అదే విమానంతో మొదలైంది. రెండూ మూతపడిన సంస్థలే, రెండూ మన గడ్డ మీదివే. పైలట్ చేతిలో మిగిలిన కాగితం విలువ మాత్రం ఒక్కటి కాదు.

అందువలన కుటుంబం అడగవలసిన మొదటి ప్రశ్న ‘ఈ సంస్థ మంచిదేనా?’ అన్నది కాదు. దానికి సమాధానం మూడేళ్ల తరువాత గాని ఎవరికీ తెలియదు. ‘ఈ సంస్థ రేపు లేకపోతే ఈ రేటింగ్‌తో మరెక్కడ కూర్చోవచ్చు?’ అని అడగాలి. ఏ320 అయితే దేశంలోని విమానాల సింహభాగం ఆ కుటుంబానిదే. 2023 మే నెలలో గో ఫస్ట్ ఒక్కరోజు వ్యవధిలో కుప్పకూలినప్పుడు ఆ సంస్థ పైలట్లలో చాలామంది ఇతర సంస్థలలోకి వెళ్లగలిగారంటే, వారి రేటింగ్ ఏ320 కావడమే అందుకు ప్రధాన కారణం. వారికి రావలసిన జీతాల సంగతి వేరే కథ. 737 అయితే తలుపులు తక్కువ, అయినా ఉన్నాయి. ఏటీఆర్ అయితే మరీ తక్కువ, పైగా అక్కడి నుంచి జెట్‌కు మారాలంటే మరో రేటింగ్ కావాలి. వీటికి వెలుపల ఉన్న విమానమేదైనా దేశంలో దాన్ని ఒక్క సంస్థే నడుపుతున్నదంటే, ఆ రేటింగ్ ఖర్చు ఆ సంస్థే భరించాలి. ఈ ఒక్క విషయంలో నేను రాజీకి సిద్ధంగా లేను.

రెండవ విషయం అనుమతులు. పత్రికలలో ‘కొత్త విమాన సంస్థకు కేంద్రం పచ్చజెండా’ అన్న వార్త చూసి మన పిల్లలు దరఖాస్తులు పంపుతారు. 2025 డిసెంబరులో అల్ హింద్ ఎయిర్, ఫ్లై ఎక్స్‌ప్రెస్ సంస్థలకు కేంద్ర పౌర విమానయాన శాఖ నిరభ్యంతర పత్రాలిచ్చింది. శంఖ్ ఎయిర్‌కు అంతకు ముందే ఇచ్చింది. శాఖ మంత్రి శ్రీకాకుళం వాసి కింజరాపు రామ్మోహన్ నాయుడు స్వయంగా ఆ విషయం ప్రకటించారు. పోటీ పెరగడం అందరికీ మంచిదే, ఆ సంస్థలు వర్ధిల్లాలని కోరుకుందాం. అయితే నిరభ్యంతర పత్రం వేరు, ఎయిర్ ఆపరేటర్ సర్టిఫికెట్ వేరు. మొదటిది ‘మీరు సంస్థ పెట్టుకోవడానికి మాకు అభ్యంతరం లేదు’ అనే మాట. రెండవది విమానాలు తెచ్చి, మాన్యువళ్లు రాసి, సిబ్బందికి శిక్షణ ఇచ్చి, ప్రయాణికులు లేకుండా నిరూపణ సర్వీసులు నడిపి, డీజీసీఏను ఒప్పించిన తరువాత వచ్చే అసలు అనుమతి. ఈ రెంటి మధ్య నెలలు గడుస్తాయి, ఏళ్లూ గడవవచ్చు. మొదటి పత్రం తీసుకుని రెండవ దాని దాకా రాని సంస్థలు మన విమానయాన చరిత్రలో తక్కువేమీ లేవు. ఆపరేటర్ సర్టిఫికెట్ లేని సంస్థకు ఏ రూపంలోనూ, ఏ పేరుతోనూ డబ్బు చెల్లించకూడదు. అప్పుడు చేసిన రేటింగ్ గడువు, సంస్థ మొదటి సర్వీసు కంటే ముందే ముగిసిపోవచ్చు.

సర్టిఫికెట్ ఉన్నా విమానాలు రాకపోవచ్చు. ఆకాశ ఎయిర్ 2022 ఆగస్టు 7న బోయింగ్ 737 మాక్స్ విమానాలతో మొదలైంది. నిధులున్న సంస్థ, అనుభవమున్న యాజమాన్యం. అయినా బోయింగ్ నుంచి విమానాల రాక ఆలస్యం కావడంతో ముందుగా చేర్చుకున్న పైలట్లలో చాలామంది నెలల తరబడి ఎగరకుండా కూర్చోవలసివచ్చింది. సంస్థ తప్పు లేకుండానే ఇది జరిగింది. జీతంపై చేర్చుకున్నవారి పరిస్థితే ఇది. తన డబ్బుతో రేటింగ్ చేసుకుని, లైన్ ట్రైనింగ్ మొదలయ్యాకే జీతం అన్న షరతుకు సంతకం పెట్టినవాడి సంగతి ఊహించండి. అతని గంటలు పెరగవు, అతని అప్పు పెరుగుతుంది.

అప్పు మాట వచ్చింది గనుక ఒక చిన్న లెక్క. ఇరవై లక్షలు ఏటా 11 శాతం వడ్డీకి ఏడేళ్ల వ్యవధికి తీసుకుంటే నెలకు సుమారు 34 వేల రూపాయల వాయిదా కట్టాలి. మొత్తం చెల్లింపు 28 లక్షలు దాటుతుంది. ఇది లైసెన్సు కోసం అంతకుముందు చేసిన అప్పుకు అదనం. వడ్డీకి దూరంగా ఉండాలనుకునే మన కుటుంబాలు చాలావరకు బ్యాంకుకు వెళ్లవు. తల్లి నగలు, అన్న గల్ఫ్‌లో దాచిన డబ్బు, ఊరి చివరి ప్లాటు, మేనమామ చేబదులు అన్నీ కలిసి ఆ ఇరవై లక్షలవుతాయి. వాయిదా నోటీసు రాదు గనుక ఈ అప్పు తేలికగా కనిపిస్తుంది. కానీ ఆ ప్లాటు చెల్లెలి చదువుకోసం ఉంచింది, ఆ చేబదులు మేనమామ తన ఇంటి పైకప్పు కోసం దాచుకున్నది. బ్యాంకు పోగొట్టుకుంటే ఖాతా పుస్తకంలో ఒక గీత. కుటుంబం పోగొట్టుకుంటే అన్నదమ్ముల మధ్య మాటలుండవు.

ఇప్పుడు ఎదుటి పక్షం వాదన వినాలి. అది బలహీనమైన వాదన కాదు. లైసెన్సు తెచ్చుకుని ఖాళీగా కూర్చోవడానికీ ఖర్చుంది. వైద్య ధ్రువపత్రం, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఎప్పటికప్పుడు పునరుద్ధరించుకోవాలి, చేతి అలవాటు తప్పుతుంది, వయసు పెరుగుతుంది. పైలట్ల కొరత ఉందని పత్రికలు రాస్తాయి. కొత్త విధి వేళల నిబంధనలు 2025 నవంబరులో అమలైన తరువాత, డిసెంబరులో ఇండిగో సర్వీసులు వేల సంఖ్యలో రద్దయి ఆ కొరత దేశమంతటికీ కనిపించింది. కానీ 200 గంటల కుర్రవానికి పిలుపు రాదు. కొరత ఉన్నది ప్రధానంగా కమాండర్లకు, అనుభవమున్న ఫస్ట్ ఆఫీసర్లకు. మొదటి మెట్టు దగ్గర మాత్రం రద్దీ. అటువంటప్పుడు చిన్న సంస్థ అయినా సరే మొదటి 500 గంటలు ఇస్తే చాలు, తరువాత దారి అదే దొరుకుతుందని కుర్రవాళ్లు అనుకోవడంలో తప్పులేదు. చిన్న సంస్థలో సీనియారిటీ త్వరగా వస్తుంది, కమాండ్ త్వరగా వస్తుంది. పైగా పెద్ద సంస్థలు మాత్రం ఉచితంగా ఇస్తున్నాయా? వాటి కేడెట్ పథకాలలో లైసెన్సు నుంచి రేటింగ్ దాకా కలిపి కోటి రూపాయలకు పైగా అభ్యర్థి కుటుంబమే చెల్లిస్తున్నది. యూరప్‌లో రైన్‌ఎయిర్ వంటి లాభాల సంస్థే ఏళ్ల తరబడి కొత్త పైలట్ల చేత రేటింగ్ రుసుము కట్టించింది. కనుక ‘శిక్షణ ఖర్చు యజమానిదే’ అన్న సూత్రం నీతిగా సరైనదే అయినా, బజారులో దానికి మన్నన లేదు.

ఈ వాదనలో నేను అంగీకరించేది ఒకటి, అంగీకరించనిది ఒకటి. రేటింగ్‌కు సొంత డబ్బు పెట్టడం సిగ్గుపడవలసిన పనేమీ కాదు. బజారు అట్లా ఉన్నది, దానిని ఒక్క కుటుంబం మార్చలేదు. కానీ పెద్ద సంస్థకు చెల్లించడం, కొత్త సంస్థకు చెల్లించడం ఒకటేనన్న మాటను ఒప్పుకోలేను. వందల విమానాలున్న సంస్థలో రేటింగ్ పొందిన అభ్యర్థి దాదాపు తప్పక లైన్ ట్రైనింగ్‌కు వెళ్తాడు. రెండు విమానాల సంస్థలో ఒక విమానం ఇంజను కోసం నేలమీద నిలిస్తే శిక్షణ సగానికి సగం ఆగుతుంది. కొత్త సంస్థకు చెల్లించేవాడు ఆ సంస్థ నష్టభయంలో వాటా తీసుకుంటున్నాడు. వాటా తీసుకున్నవానికి లాభంలోనూ భాగముండాలి. ఇక్కడ అతనికి షేర్లు లేవు, ఓటు లేదు, డబ్బు తిరిగి వస్తుందన్న హామీ లేదు. తక్కువ జీతం, ఎక్కువ బాండు మాత్రం ఉన్నాయి.

సంస్థ దివాలా తీస్తే ఏమవుతుందో 2016 నాటి దివాలా స్మృతి 53వ సెక్షన్ చదివితే అర్థమవుతుంది. ముందు ప్రక్రియ ఖర్చులు, తరువాత తాకట్టు ఉన్న రుణదాతలు, కార్మికుల 24 నెలల బకాయిలు, ఆ తరువాత ఇతర ఉద్యోగుల 12 నెలల జీతాలు. ‘నా శిక్షణ రుసుము తిరిగి ఇవ్వండి’ అని వచ్చే అభ్యర్థి ఆ వరుసలో ఎంతో వెనక నిలబడతాడు. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆగిపోయింది. సర్వోన్నత న్యాయస్థానం దానిని లిక్విడేషన్‌కు పంపింది 2024 నవంబరులో. అయిదున్నర ఏళ్లు. అంతకాలం ఏ తండ్రి ఎదురుచూడగలడు?

ఇక బాండు. కొత్త సంస్థల పత్రాలలో రుసుమూ ఉంటుంది, బాండూ ఉంటుంది. ఇది నాకు మింగుడుపడని విషయం. బాండుకు న్యాయమైన ఆధారం ఒకటే: యజమాని శిక్షణకు ఖర్చు పెట్టాడు గనుక, ఆ ఖర్చు రాబట్టుకునేదాకా ఉద్యోగి ఉండాలని కోరడం. 2025 మే నెలలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు ఉద్యోగ బాండును సమర్థించింది. అక్కడ సంస్థ తన నియామక ఖర్చును, మధ్యలో వెళ్లిపోవడం వల్ల కలిగే నష్టాన్ని చూపగలిగింది. భారత కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కూడా పత్రంలో రాసిన మొత్తం ఎంతైనా, దానికి మించకుండా సమంజసమైన పరిహారం మాత్రమే ఇప్పించమంటుంది. మరి రేటింగ్ ఖర్చు మొత్తం కుటుంబమే భరించినప్పుడు సంస్థ ఏ శిక్షణ వ్యయాన్ని చూపి అయిదేళ్ల బాండు అడుగుతున్నది? లైన్ ట్రైనింగ్‌కు కొంత ఖర్చవుతుంది, నిజమే; దానికి తగినంత చిన్న బాండు అడగవచ్చు. రెండు చేతులా తీసుకోవడం మాత్రం కుదరదని చెప్పగలగాలి. బాండుకు హామీగా ఖాళీ చెక్కులు, అసలు సర్టిఫికెట్లు అడిగే సంస్థ గురించి చర్చే అనవసరం. ఖాళీ చెక్కు చెల్లకపోతే అది క్రిమినల్ కేసు అవుతుంది, ఉద్యోగ వివాదంగా మిగలదు.

నోటీసు కాలం సంగతి చూడండి, అసమానత ఎంత స్పష్టంగా ఉన్నదో. 2017లో డీజీసీఏ నిబంధన ప్రకారం ఉద్యోగం మానదలచిన కో-పైలట్ ఆరు నెలల ముందు, కమాండర్ ఏడాది ముందు తెలపాలి. 2023లో 43 మంది పైలట్లు నోటీసు పూర్తి చేయకుండా వెళ్లిపోయినప్పుడు ఆకాశ ఎయిర్ కోర్టుకెక్కింది. సంస్థ వైపు నుంచి చూస్తే అది న్యాయమే. ఆ రోజులలో ఎన్నో సర్వీసులు రద్దయ్యాయి, ప్రయాణికులు ఇబ్బంది పడ్డారు. కానీ గో ఫస్ట్ మే 2న దివాలా దరఖాస్తు పెట్టి, మే 3 నుంచి విమానాలు ఆపింది. ఆ పైలట్లకు ఎవరు ఆరు నెలల నోటీసు ఇచ్చారు?

మరి చెల్లించక తప్పదనుకున్న కుటుంబం ఏమి చేయాలి? డబ్బు విమాన సంస్థ ఖాతాలోకి గాని, మధ్యవర్తి ‘కన్సల్టెన్సీ’ ఖాతాలోకి గాని వెళ్లకూడదు. డీజీసీఏ ఆమోదమున్న శిక్షణ సంస్థకు నేరుగా, దశలవారీగా, రసీదుతో చెల్లించాలి: తరగతులకు కొంత, సిమ్యులేటర్ మొదలైనప్పుడు కొంత, నైపుణ్య పరీక్షకు ముందు మిగిలినది. అప్పుడు సంస్థ మునిగినా చేసిన శిక్షణ మీదే, చేయని శిక్షణ డబ్బూ మీ దగ్గరే. ఈ ఒక్క జాగ్రత్తతో సగం ప్రమాదం తప్పుతుంది. దీనికి సంస్థ ఒప్పుకోకుండా ‘మా ద్వారానే చెల్లించాలి’ అని పట్టుబడితే, ఆ పట్టుదలకు కారణమేమిటో ఆలోచించండి. రొక్కం అవసరమున్న సంస్థలు అభ్యర్థుల రుసుమును రోజువారీ ఖర్చులకు వాడుకోవడానికి అడ్డేమీ ఉండదు.

చేతిలో ఉన్నది నియామక పత్రమా, ‘ఆసక్తి ప్రకటన’ అనే ఉత్తరమా అన్నది మరో ముఖ్యమైన తేడా. జీతం అంకె, చేరే తేదీ, హోదా లేని ఉత్తరం ఎంత అందమైన లెటర్‌హెడ్ మీద ఉన్నా నియామకం కాదు. ఇటువంటి ఒప్పందాలలో సాధారణంగా కనిపించే వాక్యం ఒకటుంది: లైన్ ట్రైనింగ్ ‘కార్యకలాపాల అవసరాలకు లోబడి’ ఇవ్వబడును. వినడానికి నిరపాయంగా ఉండే ఆ మాట సంస్థ బాధ్యతను పూర్తిగా కరిగిస్తుంది. దాని స్థానంలో ఒక తేదీ ఉండాలి. తేదీ దాటితే జీతం మొదలుకావాలి, లేదా బాండు రద్దు కావాలి.

ఇదంతా చదివి ‘ఇన్ని షరతులు పెడితే ఉద్యోగమిస్తారా?’ అని తండ్రులు అడగవచ్చు. ఒక్కడు అడిగితే ఇవ్వరు. అదే బ్యాచ్‌లో ఇరవై మంది అభ్యర్థులుంటే, వారంతా ఒకే న్యాయవాదితో ఒకే సవరణ అడిగితే, విమానాలు తెచ్చుకుని పైలట్ల కోసం చూస్తున్న సంస్థ మాట్లాడక తప్పదు. మన పిల్లలు ఒక్కొక్కరూ విడివిడిగా, ఎవరికీ చెప్పకుండా సంతకాలు చేయడం వల్లనే ఈ పత్రాలు ఇంత ఏకపక్షంగా తయారవుతున్నాయి. అవకాశం చేజారుతుందన్న భయంతో తోటి అభ్యర్థికి కూడా చెప్పరు. పైలట్ సంఘాలు ఉద్యోగంలో ఉన్నవారి జీతాల గురించి గట్టిగానే మాట్లాడతాయి. ఉద్యోగం ముందు గుమ్మంలో నిలబడ్డ కుర్రవాళ్ల గురించి అంత పట్టించుకోవు.

మన సంస్థలు, ప్రభుత్వాలు చేయగలిగింది కూడా ఉన్నది. హైదరాబాద్ పాతబస్తీలో బేకరీ ఉద్యోగి కుమార్తె సయ్యదా సల్వా ఫాతిమా కథ అందరికీ తెలిసిందే. దాతల అండతో లైసెన్సు దాకా వచ్చిన ఆమె ఆగిపోయింది సరిగ్గా ఈ మెట్టు దగ్గరే. తెలంగాణ ప్రభుత్వం ప్రత్యేకంగా నిధులు మంజూరు చేసిన తరువాత గాని బహుళ ఇంజన్ల శిక్షణ, టైప్ రేటింగ్ సాధ్యపడలేదు. ఆమె విజయాన్ని మనం సభలలో తలచుకుంటాం, కానీ అది ఒక వ్యక్తికి ఇచ్చిన ప్రత్యేక మంజూరు. తరువాతి అమ్మాయికి వర్తించే పథకంగా మారలేదు. మైనారిటీలకు తెలంగాణ ఇచ్చే ముఖ్యమంత్రి విదేశీ విద్యా ఉపకార వేతనం ఇరవై లక్షల దాకా ఉంటుంది గాని, అది విదేశీ విశ్వవిద్యాలయాల చదువులకు ఉద్దేశించినది. విదేశీ చదువుల రుణంపై వడ్డీ భరించే కేంద్ర పథకం ‘పఢో పర్‌దేశ్’ను 2022లో ఎత్తివేశారు. జాతీయ మైనారిటీల అభివృద్ధి ఆర్థిక సంస్థ విద్యా రుణాలిస్తుంది. రాష్ట్ర మైనారిటీ ఆర్థిక సంస్థలు దాని ద్వారా టైప్ రేటింగ్‌ను వృత్తి విద్యలో భాగంగా గుర్తించి, రుణం నేరుగా ఆమోదిత శిక్షణ కేంద్రానికి చెల్లించే పద్ధతి పెట్టాలని మన ప్రతినిధులు కోరవచ్చు. అట్లా చేస్తే కుటుంబానికి డబ్బు మాత్రమే కాక మరో మేలు కూడా జరుగుతుంది. రుణమిచ్చే సంస్థ ఒప్పంద పత్రం చదువుతుంది, ఆపరేటర్ సర్టిఫికెట్ ఉన్నదా అని అడుగుతుంది. ఈనాడు ఆ ప్రశ్నలు అడగవలసినవాడు, కొడుకు యూనిఫాం ఫోటో చూసి కళ్లు చెమర్చిన తండ్రి ఒక్కడే.

అంతవరకు, పత్రం చేతికొచ్చిన కుటుంబాలు ఒక వాక్యం చేర్చమని అడిగి చూడండి. ‘అభ్యర్థి సొంత ఖర్చుతో రేటింగ్ పూర్తిచేసిన నాటి నుంచి 90 రోజులలోగా లైన్ ట్రైనింగ్ ప్రారంభించని పక్షంలో, లేదా సంస్థ తన షెడ్యూల్డ్ సర్వీసులను 30 రోజులకు మించి నిలిపివేసిన పక్షంలో, బాండు దానంతటదే రద్దగును, సంస్థ అభ్యర్థికి నిరభ్యంతర పత్రమును, శిక్షణ రికార్డులను ఏడు రోజులలో అందజేయును.’ గడువుల అంకెలు మార్చుకోవచ్చు. నిజంగా ఎగరదలచిన సంస్థకు ఈ వాక్యం వల్ల పైసా ఖర్చు లేదు. రేటింగ్ ఏ320 గాని, 737 గాని, ఏటీఆర్ గాని అయి, సంస్థ ఈ వాక్యం కింద సంతకం చేస్తే అప్పుడు డబ్బు సంగతి ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవచ్చు. చేయనంటే, పెద్ద సంస్థల తదుపరి ఎంపిక పరీక్షకు చదువుకోవడమే ఆ ఏడాదికి తగిన పని.